జేబు పిస్తోలును నమ్మవచ్చునా?

తుపాకి అనగానే మనకు ముందుగా స్ఫురించునది యుద్ధభూమి. అయినను చరిత్రగతిని ఒక్క క్షణములో మార్చివైచిన తుపాకులు కొన్ని యుద్ధభూమిలో పేలినవి కావు. అవి కోటు జేబులోనుండి, చేతిరుమాలు చాటునుండి, దుస్తుల మడతలలోనుండి బయటికి వచ్చినవి. అరచేతిలో ఇమిడెడి ఈ ఆయుధమును గూర్చి వ్రాసినవారు సాధారణముగా దానిని ధరించినవారి కథను, దానికి బలియైనవారి కథను వ్రాసినారు. మేము ఇచ్చట ఆ వస్తువునే విచారింపదలచినాము. దినమంతయు జేబులో పడియుండు పిస్తోలు అక్కర వచ్చిననాడు పేలునా? అక్కర లేనినాడు పేలకుండ ఊరకుండునా?

వినుటకు ఈ రెండును ఒకే ప్రశ్నవలె తోచును. కాని పనివాని బల్లమీద ఈ రెండింటికిని పొత్తు కుదరదు. సులభముగా పేలునట్లు చేసిన పిస్తోలు పొరపాటునను సులభముగానే పేలును. పొరపాటున పేలకుండ బిగించినది అవసరమునకును మొరాయించును. దాదాపు ఐదు వందల ఏండ్లుగా సాగుచున్న ఈ తగవే జేబు పిస్తోలు చరిత్ర.

తొలినాటి చేతి తుపాకికి వత్తి యుండెడిది. మీట నొక్కగా వెలుగుచున్న వత్తి వంగి మందును అంటించెడిది. అట్టి దానిని దుస్తులలో దాచుట ఒడిలో నిప్పు దాచుటయే; వెలుగు, పొగ, వాసన మూడును పట్టియిచ్చును. 16వ శతాబ్దపు ఆరంభమున ఐరోపాలో నిప్పు అవసరము లేని కీలు వచ్చినది. అంచున గంట్లు పెట్టిన ఉక్కు చక్రమును తాళపుచెవితో స్ప్రింగునకు బిగించి యుంచుదురు. మీట నొక్కగనే చక్రము గిఱ్ఱున తిరిగి, దానికి ఆనియున్న రాతిని ఒరసి, రవ్వలు రాల్చును. లియొనార్డో డావించి కాగితములలోను ఇట్టి కీలుబొమ్మలు కనిపించును. తుపాకిని ముందుగానే సిద్ధము చేసి, కోటుక్రింద పెట్టుకొని, ఎవరికిని అనుమానము రాకుండ వీధిలో నడచుట మానవునికి అప్పుడే మొదటిసారిగా సాధ్యమైనది.

ఏలినవారు ఈ సంగతిని వెంటనే గ్రహించినారు. 1517లో మాక్సిమిలియను చక్రవర్తి తమంతట తాము నిప్పు పుట్టించుకొను తుపాకులను నిషేధించినాడు. 1541లో ఇంగ్లండునందు 8వ హెన్రీ కాలపు శాసనము ఒక గజముకంటె పొట్టిదగు చేతి తుపాకిని ఉంచుకొనరాదన్నది. పొడుగును కొలిచి చేసిన ఈ చట్టములో ఎంత లోకజ్ఞానమున్నదో గమనింపుడు. ఆ రాజుకు వెరపు కలిగించినది తుపాకి బలము కాదు, అది కనబడకపోవుటయే.

అయితే ఈ చక్రపు పిస్తోలు నమ్మదగినదేనా? దానిని చేయువాడు గడియారములు చేయువానితో సమానుడు, ధరయు అట్టిదే. బిగించి దినముల తరబడి ఉంచినచో స్ప్రింగు అలసిపోవును. తాళపుచెవి పోయినచో ఆయుధము ఇనుపముక్క. ఇన్ని లోపములున్నను 10 జూలై 1584 నాడు డెల్ఫ్టు పట్టణములో అది తప్పలేదు. స్పెయిను పెత్తనముపై తిరుగబడిన డచ్చి ప్రజల నాయకుడు, ఆరెంజి ప్రభువు విలియము, భోజనము ముగించి మెట్లవైపు వచ్చుచుండగా బల్తజారు జెరారు అనువాడు అతనిని కాల్చినాడు. పేదవాడనని చెప్పుకొన్న జెరారునకు విలియమే ఇప్పించిన సొమ్ముతో ఆ పిస్తోళ్లు కొనబడినవి. ఆ గోడలోని గుండ్ల గుంటలను డెల్ఫ్టులో నేటికిని చూపుదురు.

తరువాత రెండు శతాబ్దములు చెకుముకి రాతివి. 17వ శతాబ్దపు మొదటి దశాబ్దములలో ఫ్రాన్సున కుదురుకొన్న ఈ కీలు చవుకది, మరమ్మతు సులువైనది. చలిదేశపు స్త్రీలు చేతులు దాచుకొను బొచ్చుసంచిలో ఇమిడెడి బుల్లి పిస్తోళ్లు కూడ వచ్చినవి. కాని రాయి అరిగినను, గాలి విసురుగా వీచినను, పళ్ళెములోని చిటికెడు మందు జేబులో ఒలికిపోయినను పని చెడును. ఒక్కొకసారి పళ్ళెములోని మందు భగ్గుమని ఆరిపోవును. లోపలి మందుకు నిప్పు అందదు. దీపావళినాడు తడిసిన టపాకాయ తుస్సుమనుటను చూచిన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. టపాకాయ తుస్సుమన్నచో నవ్వుదుము. దొంగల దారిలో పిస్తోలు తుస్సుమన్నచో నవ్వువాడు ఎదుటివాడు.

ఈ చిక్కును విప్పినవాడు సైనికుడు కాడు, ఒక మతగురువు. స్కాట్లండులో బెల్‌హెల్వీ అను గ్రామపు చర్చిలో అలెగ్జాండరు జాను ఫోర్సైతు అర్చకుడు. ఆయనకు పక్షుల వేటపై మక్కువ. పళ్ళెములో మెరుపు కనబడగనే, గుండు బయలుదేరులోపల, పక్షులు ఎగిరిపోవుచుండుట ఆయనకు కష్టమైనది. దెబ్బ తగిలినంతనే పేలు రసాయనపు పొడిని ఉపయోగించి ఒక కీలును చేసి 1807లో పేటెంటు పొందినాడు. అది అత్తరు బుడ్డివలె నుండుటచే దానికి ఆ పేరే వచ్చినది. 1820 తరువాత ఆ పొడి చిన్న రాగి టోపీలోనికి చేరినది. టోపీని తొడిగి సుత్తిని వదలినచో చాలును. వానకును గాలికిని ఇక భయము లేదని లోకము అనుకొన్నది.

అంతటి ధైర్యము తగదని చూపిన సంఘటన 30 జనవరి 1835 నాడు వాషింగ్టను నగరములో జరిగినది. దక్షిణ కరోలినా ప్రతినిధి వారెను డేవిసు మరణింపగా శాసనసభా భవనములో అంత్యక్రియల ప్రార్థన జరిగినది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సను, 67 ఏండ్ల వృద్ధుడు, చేతికర్రతో తూర్పు మంటపములోనికి వచ్చినాడు. స్తంభము చాటున నిలిచియున్న రిచర్డు లారెన్సు, పని లేక తిరుగుచున్న రంగులవాడు, కొన్ని అడుగుల దూరమునుండి పిస్తోలును గురిపెట్టి మీట నొక్కినాడు. టోపీ ఫట్టున పేలినది. గుండు రాలేదు. జాక్సను పారిపోవుటకు మారుగా కర్ర యెత్తి అతనిపైకి నడచినాడు. లారెన్సు రెండవ పిస్తోలును తీసి ఇంకను దగ్గరనుండి నొక్కినాడు. మరల టోపీ పేలినది; మరల గుండు రాలేదు. అంతలో చుట్టునున్నవారు వానిని పడగొట్టినారు.

అమెరికా అధ్యక్షునిపై జరిగిన మొదటి హత్యాప్రయత్నము ఇది. తరువాత ఆ రెండు పిస్తోళ్లను పరీక్షించి చూడగా రెండును చక్కగా పేలినవి! ఇట్లు రెండును ఒకేసారి విఫలమగుటకు లక్షా ఇరవైయైదు వేలలో ఒక వంతు మాత్రమే అవకాశము కలదని ఒక లెక్క పుస్తకములలో తరచు కనిపించును. దైవమే కాపాడినదని నమ్మినవారు ఆ లెక్కను ఆనందముతో చెప్పుకొన్నారు. మేము మాత్రము దానిని అంతగా గౌరవింపలేము. రెండు పాచికలు వేరువేరుగా దొర్లినప్పుడు అట్టి లెక్క చెల్లును. ఇచ్చట రెండు పిస్తోళ్లును ఒకే మనిషివి, ఒకే చేయి నింపినవి, ఒకే దుస్తులలో ఒకే తేమదినమున దాగియున్నవి. ఒకదానిని చెరచిన కారణమే రెండవదానిని చెరచుటలో అంత వింత యేమున్నది? ఆనాటి వాతావరణము చెమ్మగా నుండినదని చెప్పుదురు. టోపీ పేలినను, దానినుండి నిప్పు పోవు సన్నని రంధ్రము చివర మందు చెమ్మగిలియున్నచో ఫలితము ఇట్లే యుండును. ఫోర్సైతు బయటి వానను జయించినాడు. జేబులోని చెమటను, చెమ్మను కాదు.

లారెన్సు తాను ఇంగ్లండు రాజునని భ్రమపడిన పిచ్చివాడు. జాక్సను మాత్రము దీనిని తన రాజకీయ శత్రువుల కుట్రయని చాలకాలము నమ్మినాడు. న్యాయస్థానములో జూరీవారు ఐదు నిమిషములలో తేల్చి అతనిని మతిభ్రష్టుడని నిర్ణయించినారు. జాక్సను మరి పదేండ్లు జీవించినాడు.

ముప్పది ఏండ్ల తరువాత, అదే నగరములో, ఇంకను చిన్న పిస్తోలు తప్పకుండ పేలినది. ఫిలడెల్ఫియా నగరపు హెన్రీ డెరింజరు చేసిన ఆ ఆయుధము పొడవు ఆరు అంగుళములకు కొంచెము లోపు. బరువు ఎనిమిది ఔన్సులు. నింపినది ఒక్కటే గుండు. డెరింజరు పిస్తోళ్లను జతలుగా అమ్మెడివారు. ఒకదానిపై నమ్మకము చాలదని అమ్మువాడే ఒప్పుకొన్నట్లు కాదా? 14 ఏప్రిల్ 1865 రాత్రి ఫోర్డు నాటకశాలలో అబ్రహాము లింకను వెనుకకు వచ్చిన జాన్ విల్కీసు బూత్ చేతిలో ఆ పిస్తోలుతోపాటు పెద్ద కత్తియు ఉండినది. పిస్తోలు పేలిన మరుక్షణమున దానిని పారవైచి, పట్టుకొనవచ్చిన మేజరు రాత్‌బోనును కత్తితో పొడిచి, వేదికమీదికి దూకినాడు. ఆ పిస్తోలును నేటికిని ఆ నాటకశాల ప్రదర్శనలోనే చూడవచ్చును. దానిని చూచినవారు ఇంత చిన్నదా యని ఆశ్చర్యపడుదురు.

ఆ డెరింజరు పేరు ఎంత పలికినదనగా దానిని దొంగిలించినవారికి లెక్కలేదు. ఫిలడెల్ఫియాలోనే అదే ఇంటిపేరు గల ఒక దర్జీని పట్టుకొని, వాని పేరుతో పిస్తోళ్లు చేయించినవారున్నారు. హెన్రీ డెరింజరు కాలిఫోర్నియాలో వ్యాజ్యము వేసి గెలిచినాడు. కాని అతని పేరే, ఒక అక్షరము మారి, చిన్న పిస్తోళ్లకు జాతివాచకమై నిలిచినది. మంచి పేరుకు నకలు వచ్చినప్పుడు నమ్మకము ఏమగునో చెప్పనవసరము లేదు. పైముద్ర చూచి కొన్నవాడు లోపలి పనితనమును జేబులో మోయవలసినదే.

చెమ్మ చిక్కు తీరినది లోహపు తూటాతో. 1857లో స్మిత్తు, వెస్సను అనువారు చిన్న రివాల్వరును అమ్మకమునకు పెట్టినారు. మందు, గుండు, పేలుడు పొడి మూడును ఒకే రాగి గొట్టములో ఇమిడి మూసుకొన్నవి. ఇక జేబులో ఒలుకునది లేదు, చెమ్మగిల్లునది లేదు. జాక్సనును కాపాడిన లోపము ఇట్లు మెల్లగా లోకమునుండి తొలగినది.

పేలవలసినప్పుడు పేలుట కుదురుకొనగానే, పేలకూడనప్పుడు పేలుట అను రెండవ తగవు పైకి వచ్చినది. సుత్తి తూటాపై ఆనియుండగా రివాల్వరు నేలపై పడినచో అది పేలును. అందుచే జాగ్రత్తపరులు చక్రములోని ఒక గదిని ఖాళీగా విడిచి, సుత్తిని దానిపై ఆనించెడివారు. ఐదు గదుల రివాల్వరును కొని నాలుగు తూటాలు మోయుట! ఫ్రాన్సులో సైకిళ్లు ప్రబలిన కాలమున దారిన వెంటబడు కుక్కలను బెదరించుటకు సైకిలువారి రివాల్వరని ఒకటి వచ్చినది. దాని మీట జేబులో తగులుకొనకుండ కత్తివలె మడచుకొనును. కుక్కకై ఇంత ఏర్పాటా యని మనకు నవ్వు వచ్చును గాని, మడత మీట మాత్రము తెలివైన పని.

1887లో స్మిత్తు, వెస్సను కంపెనీ సుత్తి బయటికి కనబడని రివాల్వరును తెచ్చినది. పిడి వెనుకనున్న పలకను అరచేయి గట్టిగా నొక్కిననే గాని అది పేలదు. ఎచ్చటనో ఒక పసిబిడ్డ తండ్రి రివాల్వరుతో గాయపడిన వార్త విని వెస్సను దీనిని చేయించినాడని ఒక కథ కలదు. కథ యెట్లున్నను, ఆ భయము నిజమైనది. జేబులోనిది సాయంకాలమునకు ఇంటికి వచ్చును. బల్లసొరుగులోనికో, దిండుక్రిందికో చేరును. ఇంటిలో పిల్లలుందురు. 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో ఐవరు జాన్సను అను అమెరికను కంపెనీ తన రివాల్వరునకు వేయించిన ప్రకటనలో, పక్కమీద కూర్చుండిన చిన్న పిల్ల బొమ్మతోపాటు రివాల్వరునుకూడ చేతిలో పెట్టుకొని యుండును. ఇది మనలను ఏమియు చేయదని నాన్న చెప్పినాడని ఆ పిల్ల పలుకు. సుత్తికిని తూటాకును నడుమ ఒక కదలు పలకను పెట్టి, మీట నొక్కిననే గాని దెబ్బ తగలకుండ చేయుట ఆ కంపెనీ పనితనము. పనితనము మంచిదే. కాని ఆ పలక ఎరుగునది మీట నొక్కబడినదా లేదా యని మాత్రమే. నొక్కిన వ్రేలు తండ్రిదో బిడ్డదో అది ఎరుగదు. ఆ బొమ్మను చూచి మాకు నేటికిని ఒళ్లు జలదరించును.

6 సెప్టెంబరు 1901 నాడు బఫెలో నగరపు ప్రదర్శనశాలలో అధ్యక్షుడు మెకిన్లీకి ఎదురుగా వచ్చిన లియోన్ చోల్‌గోష్ చేతిరుమాలు చుట్టి తెచ్చినది అదే కంపెనీ రివాల్వరు. నాలుగు దినముల క్రితము నాలుగున్నర డాలర్లకు కొన్నాడు. అది అతని జేబులో పొరపాటున పేలలేదు. కరచాలనమునకు చేయి చాచిన మనిషి ఎదుట రెండుసార్లు పేలినది. మెకిన్లీ 14వ తేదీన మరణించినాడు. యంత్రమును బట్టి చూచిన రెండు పరీక్షలలోను నెగ్గినట్లే.

ఇక తనంత తాను మరల నింపుకొను పిస్తోలు కథ. అమెరికాలో ఉటా ప్రాంతపు ఆగ్డెనులో 1855లో పుట్టిన జాను మోజెసు బ్రౌనింగు ఇందులో గురువు. బెల్జియములోని హెర్‌స్టాలు కర్మాగారము ఆయన పిస్తోళ్లను చేసినది. 1900 నాటి నమూనా చదునుగా నుండి కోటు జేబులో ఉబ్బెత్తుగా కనబడకుండ ఇమిడినది. 1906లో వచ్చినది ఇంకను చిన్నది, చిన్న జేబుకు తగినది. పొడవు పదకొండున్నర సెంటీమీటర్లకు మించదు. అమెరికాలో కోల్టు కంపెనీ 1908లో తెచ్చిన దాని తోబుట్టువు బరువు 13 ఔన్సులు. పలువురు ప్రయాణికులు, నగల వర్తకులు, రాత్రివేళ రోగుల ఇండ్లకు పోవు వైద్యులు మొదలైనవారికి పిస్తోలు దినదినపు వస్తువైనది ఇట్టి వానితోనే.

చిన్నదగుట వలన వచ్చు కష్టమును ఇచ్చట కొంచెము విప్పి చెప్పవలెను. తూటా పేలినపుడు గుండు ముందుకు పోవును. ఖాళీ గొట్టము వెనుకకు తన్నును. ఆ తన్నుతో పైనున్న ఉక్కు తొడుగు వెనుకకు జరిగి, ఖాళీ గొట్టమును బయటికి విసరి, స్ప్రింగు బలముతో మరల ముందుకు వచ్చుచు క్రింది పెట్టెలోని కొత్త తూటాను తోసుకొని లోపలికి పోవును. ఇదంతయు రెప్పపాటులో జరుగవలెను. పెద్ద పిస్తోలులో తొడుగు బరువైనది, దాని దారి పొడుగైనది; కొంచెము మురికిని, కొంచెము ఎండిన నూనెను లెక్కచేయదు. చిన్నదానిలో తొడుగు తేలిక. అందుచే స్ప్రింగును గట్టిచేయవలెను. దారి పొట్టి, అందుచే తూటా పైకి లేచుటకు వ్యవధి తక్కువ. పిడి చిన్నది; పట్టు సడలినచో చేయి తొడుగుతోపాటు వెనుకకు పోవును, తొడుగు తన దారిని పూర్తి చేయదు, ఖాళీ గొట్టము నడుమ ఇరుకుకొనును. గోడగడియారమును ఆపలేని దుమ్మురేణువు చేతిగడియారమును ఆపును. జేబు పిస్తోలు చేతిగడియారము వంటిది. అయినను దాని యజమాని దానిని గోడగడియారమువలె నమ్ముచుండును. నెలల తరబడి జేబులోనే యుంచి, బట్టల పీచును, పొగాకు పొడిని, చెమటను దానికి తినిపించి, ఒక్కసారియు విప్పి తుడువడు.

బ్రౌనింగునకు ఇదంతయు తెలియును. అందుకే ఆయన ఈ బుల్లి పిస్తోలునకు పాతదగు .22 తూటాను వాడక, 6.35 మిల్లీమీటర్ల కొత్త తూటాను సమకూర్చినాడు. పాతదానిలో పేలుడు పొడి అంచు మడతలో చుట్టును పరచియుండును. ఎచ్చటనైన పలుచబడినచో ఆ చోట దెబ్బ వ్యర్థము. కొత్తదానిలో పొడి నడిబొడ్డున ఒకేచోట నుండును. గుండు బలము అంతంత మాత్రమే. కాని పేలుట నిశ్చయము. బలమును కాదని నమ్మకమును ఎన్నుకొన్న ఈ బేరము మాకు మిక్కిలి వివేకముగా తోచును.

రెండవ తగవు మాత్రము ఇచ్చట మరింత ముదిరినది. ఇట్టి పిస్తోలును గొట్టములో తూటాతో జేబులో ఉంచిన, లోపలి స్ప్రింగు బిగిసి దూకుటకు సిద్ధముగా నుండును. గొట్టమును ఖాళీగా ఉంచిన, ఆపదలో రెండు చేతులును ఒక క్షణమును కావలెను. అందుచే పిడి వెనుక పలక యొకటి, బొటనవ్రేలి మీట యొకటి, తూటాపెట్టె తీసివేసిన పేలకుండ చేయు ఏర్పాటు ఇంకొకటి, ఇట్లు తాళముపై తాళము చేరినది. 1910 నాటి బ్రౌనింగు నమూనాలో ఈ మూడును కలవు. జర్మనీలో వాల్తరు కంపెనీ 1929లోను, ఇంకను చిన్నదిగా 1931లోను తెచ్చిన పిస్తోళ్లు వేరు దారి పట్టినవి. గొట్టములో తూటా ఉండవచ్చును, స్ప్రింగు మాత్రము వదులుగా నుండును; మీటను నిడుపుగా గట్టిగా లాగిన ఆ లాగుటయే సుత్తిని ఎత్తి కొట్టును. ఈ తగవులో రెండు పక్షములకును చాలవరకు సమ్మతమైన రాజీ ఇదియే యని చెప్పవచ్చును.

1910 నమూనా పేరెత్తగానే సరయేవో గుర్తునకు రాకమానదు. 28 జూన్ 1914 నాడు ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్సిసు ఫెర్డినాండు దారిలో నిలిచిన యువకులకు సెర్బియానుండి అందినవి ఆరు బాంబులు, నాలుగు బ్రౌనింగు పిస్తోళ్లు, కొంత విషము. చాబ్రినోవిచ్ విసరిన బాంబు వెంటనే పేలక, కారును దాటి, వెనుకవచ్చు బండి క్రింద పేలినది. అతడు మ్రింగిన విషము పని చేయలేదు. ప్రిన్సిపు విషమును అంతే. కారు దారి తప్పి ఆగిన చోట, పందొమ్మిదేండ్ల ప్రిన్సిపు రెండుసార్లు మీట నొక్కినాడు. యువరాజును, అతని భార్య సోఫీయును మరణించిరి. ఆనాడు ఆ యువకుల చేతిలోని వస్తువులలో మాట తప్పనిది పిస్తోలొక్కటే. ఆ పిస్తోలు చాలకాలము జెసూటు సన్యాసుల వద్ద నుండి, 2004లో వియన్నా సైనిక ప్రదర్శనశాలకు చేరినది.

పిస్తోలు నమ్మకమును చట్టమే కొలుచు కాలము తరువాత వచ్చినది. 1968లో అమెరికా చట్టము మరీ చిన్న పిస్తోళ్ల దిగుమతిని అడ్డగించినది. వాల్తరువారి చిన్న పిస్తోలు ఆ కొలతకు తూగక, దానికి కొంచెము పెద్ద పిడిని తగిలించి పంపవలసివచ్చినది. 8వ హెన్రీ గజపుబద్ద మరల బయటికి వచ్చినదన్నమాట. 2001 ఆరంభమున కాలిఫోర్నియాలో అమలులోనికి వచ్చిన చట్టము ఇంకొక అడుగు వేసినది. ఒక్కొక్క నమూనాలో మూడు పిస్తోళ్లను తీసికొని ఒక్కొకదానితో 600 తూటాలు పేల్చవలెను. మొదటి 20లో ఒక్క మొరాయింపును ఉండరాదు. మొత్తములో ఆరు దాటరాదు. ఒక మీటరు ఎత్తునుండి గట్టి పలకపై ఆరు విధములుగా పడవేసినను పేలరాదు. మేము మొదట అడిగిన రెండు ప్రశ్నలును అంకెలుగా మారి ఇట్లు చట్టములోనికి ఎక్కినవి. నూటికి ఒకటి వంతున తప్పుటకు చట్టమే సెలవిచ్చినదని గమనింపవలెను. అదియు మధ్యమధ్య చల్లార్చి, తుడిచి చేయు పరీక్ష. ఆరునెలలు జేబులో మరగిన పిస్తోలునకు ఇట్టి పరీక్ష లేదు.

మనకు మిక్కిలి దగ్గరదగు ఒక సంగతి మిగిలియున్నది. 20 జనవరి 1948 నాడు ఢిల్లీలో గాంధీజీని చంపుటకు చేరిన కుట్రదారుల వద్ద రెండు రివాల్వర్లుండినవి. ఆ దినముననే వారు వానిని హిందూ మహాసభ భవనము వెనుకనున్న అడవిలో పరీక్షించినట్లు తరువాతి విచారణలో సాక్ష్యము వచ్చినది. ఒకదాని చక్రము సరిగా పని చేయలేదు. రెండవదాని గుండు గురిగా పెట్టుకొన్న చెట్టును చేరకయే నేలపడినది. ఆ సాయంకాలము బిర్లా భవనములో మదన్‌లాలు పెట్టిన పేలుడు గోడవద్ద ధ్వనించినది. తుపాకులు మాత్రము బయటికి రాలేదు. దానికి భయము, తడబాటు మొదలైన ఇతర కారణములును కలవు. కాని చెడిన రివాల్వరును జేబులో మోయువాని గుండె ఎట్లుండునో ఊహింపవచ్చును.

గాంధీజీ మరునాటి ప్రార్థనకు మామూలుగా వచ్చినాడు. వచ్చువారిని సోదా చేయుదుమని అధికారులు కోరగా ఒప్పుకొనలేదు.

నాథూరాం గోడ్సే ఆ తరువాతి దినములలో వెదకినది డబ్బు కాదు, మనుష్యులు కాదు. తప్పక పేలు ఒక్క పిస్తోలు. 28వ తేదీన గ్వాలియరులో అది దొరికినది. ఇటలీలో 1934లో సైన్యమునకై రూపొందిన బెరెట్టా అది. జేబు పిస్తోళ్లలో దాని కీలు మిక్కిలి సరళము. పై తొడుగునకు మీదిభాగము చాలవరకు తెరచియుండును. ఖాళీ గొట్టము ఇరుకుకొనుటకు చోటు తక్కువ. లోపలి భాగములు కొద్ది, మొరటువి, మురికిని ఓర్చునవి. నాలుగు వందల ఏండ్ల పనివారి కష్టమంతయు ఆ పిడికెడు ఉక్కులో చేరియుండినది.

30 జనవరి 1948. జాక్సనుపై రెండు పిస్తోళ్లు మొరాయించినదియు జనవరి 30 నాడే. 113 ఏండ్ల ఎడముతో వచ్చిన ఈ తేదీ కేవలము యాదృచ్ఛికము. అందులో అర్థము వెదకుట మా ఉద్దేశము కాదు. సాయంకాలము ఐదు దాటిన కొలది నిమిషములకు గాంధీజీ ఇద్దరు బాలికల భుజములపై చేతులు వేసి ప్రార్థనా వేదికవైపు నడచుచుండగా గోడ్సే ఎదురువచ్చి నమస్కరించి మూడుసార్లు కాల్చినాడు. మూడుసార్లును పిస్తోలు పేలినది. ఆ రాత్రి నెహ్రూ, పటేలు రేడియోలో మాటలాడినారు. ఊరికి ఒకటి రెండు రేడియోలున్న ఆ కాలమున జనులు ఆ యిండ్ల అరుగులపై చేరి, భాష తెలిసినవారిని అర్థము చెప్పుమని అడుగుచు, ఆ రాత్రి చాలసేపు అచ్చటనే కూర్చుండిరి.